మల్లె అని పిలిస్తే

జులై 7, సోమవారం
హెచ్‌ఎస్‌ఆర్ కంప్యూటర్ సెంటర్‌లో నేను చెప్పే సాయంత్రం క్లాసు. కొత్త బ్యాచ్, ఆరుగురు. లినక్స్ ముఖం ఎప్పుడూ చూడనివాళ్ళే. వెనక గదిలో ఆరు మిషన్లు, ముందు గదిలో వీళ్ళ లాప్‌టాప్‌లు — మీ మిషన్‌కి మీరే పేరు పెట్టుకోండి, ఇక్కణ్ణించి నెట్‌వర్క్‌లో ఆ పేరుతోనే పిలిచి, దానిలోనే పని చేసుకోండి అన్నా. ఒకటే గోల! మేరీ 'మల్లె' అని పెట్టింది — గుంటూరు అమ్మాయి, నర్సు ఉద్యోగం మానేసి వచ్చింది. పక్క సీటు శ్రీకాంత్ 'పులి'. కాసేపటికి పులి మొరాయించింది, ఈ పేరు ఎవరిదో తెలియదంటూ. పేరు ఒక ఫైల్లో మార్చి, రెండో ఫైల్లో పాతదే వదిలేశాడు. నేను నోరు తెరిచేలోపే మేరీ వేలు పెట్టి చూపించేసింది! పగలంతా బెళ్ళందూరు ఆఫీసులో ఇంత సంతోషం ఎక్కడిది నాకు...

జులై 21, సోమవారం
శనివారం కంపెనీవాళ్ళు ఇంటర్వ్యూలకి వస్తున్నారు. ఎవరి ప్రాజెక్టు వాళ్ళు చూపించాలి. మేరీ, శ్రీకాంత్ ఒకరి తప్పులు ఒకరు పట్టుకుంటూ, తిట్టుకుంటూ, నవ్వుకుంటూ. నాకే ఇంటర్వ్యూ ఉన్నట్టు కంగారు.

జులై 24, గురువారం
లాప్‌టాప్ నుంచి మల్లెలోకి వెళ్ళి చూస్తే మేరీ ఫోల్డర్ ఖాళీ. రెండు వారాల పని.
"నిన్న నా లాప్‌టాప్ దగ్గర కూర్చుంది ఇతనొక్కడే అక్కా."
"నీకు హెల్ప్ చెయ్యడానికే కదా కూర్చున్నా!"
"హెల్ప్ చేశావో, ఏం చేశావో..."
శ్రీకాంత్ బ్యాగు తీసుకుని వెళ్ళిపోయాడు. నేను పిలిచినా ఆగలేదు. ఫోన్ ఎత్తట్లేదు. అతను అలాంటివాడు కాదు. మరి ఫైళ్ళు ఎటు పోయాయి?

జులై 25, శుక్రవారం
ఆఫీసుకి సెలవు పెట్టేశా. పొద్దున్నే సెంటర్‌లో నేనూ మేరీ. తన లాప్‌టాప్ నుంచి మల్లెని పిలిచి చూడమన్నా. పలికింది. వెనక గదిలోకెళ్ళి మల్లె నెట్‌వర్క్ వైరు పీకెయ్, మళ్ళీ పిలువు అన్నా.
మళ్ళీ పలికింది!
మేరీ కళ్ళు ఇంతయ్యాయి. "వైరు పీకి తెచ్చేశా, నా చేతిలోనే ఉందక్కా... మరి పలికేది ఎవరు?"
పేరు ఏదైనా నెట్‌వర్క్‌లో ఒక్కో మిషన్‌కి ఒక్కో నంబరు కదా, జవాబు వస్తున్న నంబరు చూశాం. మేరీ మిషన్‌ది కాదు. ఒక్కో మిషన్ దగ్గరికీ పరుగు. ఆరింటిలో ఏదీ కాదు. అప్పుడు ఓనర్ మునిరాజన్న రిసెప్షన్ నుంచి — "ఏం వెతుకుతుండారమ్మా? స్వల్ప ఇటు రండి, ఇదొకటి ఉండాది. ఊరికే మూల పడుండాదని నిన్న బిల్లులకి ఆన్ చేసినా. పాత బ్యాచోళ్ళ మిషన్."
తెర మీద పేరు — మల్లె.
రెండు మల్లెలు! పాత బ్యాచ్‌లోనూ ఎవరో ఇదే పేరు పెట్టారన్నమాట. ఆఖరున ఆన్ అయినదానికే, మిషన్లన్నిటినీ కలిపే రౌటర్ ఆ పేరు ఇచ్చేసింది. మిషన్లన్నీ ఒకే డిస్కు నుంచి కాపీ చేసినవి, పాస్‌వర్డూ ఒకటే. లోపలికెళ్ళినా తేడా తెలిసే దారి లేదు. వైరు తగిలించి ఈసారి మేరీ మిషన్‌ని పేరుతో కాదు, దాని నంబరుతో పిలిచాం. ఫోల్డర్ నిండుగా! ఒక్క ఫైలు కూడా పోలేదు. మేరీ నన్ను గట్టిగా వాటేసుకుంది. ఇద్దరం పిచ్చివాళ్ళలా గంతులు. మునిరాజన్న కాఫీ తెప్పించాడు.
రిసెప్షన్ మిషన్ పేరు మేరీనే మార్చింది, రెండు ఫైళ్ళలోనూ. మార్చి, అలాగే కూర్చుండిపోయింది.
"అందరి ముందూ అన్నానక్కా."

అదే రోజు, సాయంత్రం
సర్జాపుర రోడ్డు. శ్రీకాంత్ ఉండే పీజీ హాస్టల్ కింద, టీ కొట్టు బెంచీ మీద రాస్తున్నా. మెసేజ్ పెడదామంటే మేరీ ఒప్పుకోలేదు — "ఎదురుగా నిలబడి అన్నాను, ఎదురుగానే చెప్తా." రేపు ఇద్దరూ ఇంటర్వ్యూకి రావాలి. ఇద్దరికీ ఉద్యోగం రావాలి, ఈ బ్యాచ్ మొత్తానికి రావాలి... నాకు కాలు నిలవట్లేదు.
మేరీ మెట్లెక్కబోతూ వెనక్కి తిరిగి — "ఏమని మొదలుపెట్టనక్కా?"
మల్లె సంగతితో మొదలుపెట్టు అన్నా. తల అడ్డంగా ఊపింది. "కాదు, ముందు సారీ. మల్లె తర్వాత."
ఇంకా దిగలేదు. రెండో టీ కూడా అయిపోయింది. పైనుంచి శ్రీకాంత్ గొంతు గట్టిగా... కోపమో, నవ్వో, ఈ ట్రాఫిక్‌లో తెలిసి చావట్లేదు.