సంబల్ సీసా వెనక వరుసలో ఉంది

అక్కా,

నీ చేతిసంచిలో అన్నం డబ్బా పక్కన సంబల్ మిరపపచ్చడి సీసా ఉండాల్సిన చోట ఈ ఉత్తరం దొరికిందంటే, నీ విమానం మన ఊరు సురబాయ దాటినట్టే. ఇక నన్ను కొట్టలేవు.

డాక్టరమ్మ ఏం చెప్పింది? "పోయినసారి ప్రయాణంలో పిక్కలో రక్తం గడ్డకట్టింది. ఈసారి బిగుతు మేజోళ్లు తొడుక్కోండి, నీళ్లు తాగండి, గంటకోసారి నడవండి." నువ్వేమన్నావు? "నీళ్లు తాగితే పాయిఖానాకి లేవాలి, నమాజుకు చేసుకున్న శుద్ధి పోతుంది. జెద్దా దాకా కదలను. అల్లాయే చూసుకుంటాడు."

ఆహా, ఏం భక్తి! నీ పిక్కలు చూసుకోవడం తప్ప ఆయనకింకేం పని! ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతే మక్కా దాకా ఎందుకు, నేరుగా ఆయన దగ్గరికే చేరతావు.

బిస్కెట్టు కూడా సంబల్‌లో ముంచందే నీకు దిగదు కదా? సీసా చివరి వరుసలో కూర్చున్న నీ తోటి యాత్రికురాలు లస్త్రి దగ్గరుంది. "నడిచొచ్చి అడిగితేనే ఇవ్వు, గంటకు ఒక్క చెంచానే" అని ఒట్టేయించుకున్నాను. అందులో గుప్పెడు మిరపకాయలు అదనంగా నూరి కలిపాను. నీళ్లు నువ్వే అడుగుతావు.

ఎలాగూ ఈపాటికి విప్పేసి ఉంటావు, ఆ మేజోళ్లు మళ్లీ తొడుక్కో. కాబా చుట్టూ ఏడుసార్లు తిరగాల్సింది ఆ కాళ్లతోనే.

నన్ను తిట్టాలనిపిస్తే కూర్చుని తిట్టకు. నడుస్తూ తిట్టు.

నీ వెధవ తమ్ముడు