కాస్టిక్ జాడికి కొబ్బరికాయ

గద్వాల, 1941 జనవరి 6

అక్క రామేశ్వరమ్మకు,

తమ్ముడు రామస్వామి నమస్కారం. క్షేమమని రాయను, క్షేమంగా లేము. మా వీధి కిష్టయ్య మజ్జిగనుకొని చెంబెత్తి గుటకేశాడు. అందులో ఉన్నవి నూలుకు రంగు పట్టించే కాస్టిక్ నీళ్లు. బతికాడు గానీ కాలిన గొంతులో గంజి కూడా దిగడం లేదు. వీధంతా ‘వాని రాత’ అంటున్నది. రాత కాదు, చెంబు! తాగే చెంబులో కాల్చే నీళ్లు పోసి విధిని తిట్టే మనం ఎప్పుడు బాగుపడతాం?

నూలుకు రంగు వేయించే నీ ఇంట్లోనూ అవే నీళ్లు. ఆ ఇంట్లోనే నీ మనవరాలు బాలమణి, తల్లి లేని నాలుగేండ్ల పిల్ల. ఈరోజే ఆ నీళ్లను జాడిలో పోసి, ప్రమాదమని తెలిసేలా ఎర్ర బొట్టు పెట్టు. లేదంటే పిల్లను గద్వాలకు తెచ్చుకుంటాను.

నీ మేలు కోరే
రామస్వామి

తా.క.: దేవుడు చూసుకుంటాడని రాయకు. కిష్టయ్య మెడలో మూడు తాయెత్తులున్నాయి.

అమరచింత, జనవరి 14

తమ్మునికి అక్క దీవెనలు.

పక్కింటి మాసయ్యతోటి రాయిస్తున్న. జాడికి కుంకుమ బొట్టు పెట్టించిన. ఎదురింటి జోగులమ్మ వచ్చి, ‘మీ ఇంట్ల అమ్మవారు వెలిస్తే చెప్పనే లేదేందక్కా?’ అన్నది. టప్పుమని కాయ కొట్టిన చప్పుడైతే ఉరికిన. ‘జర తీర్థం పొయ్యక్కా’ అనుకుంట జాడి మూత తీస్తుంది! చెయ్యి పట్టి గుంజిన. ఇప్పుడు వాడంత తిరిగి, తీర్థం గూడ పెట్టని పిసినారినని చెప్తుంది. పిల్లను తీస్కపోతనని మాత్రం అనకు తమ్మీ. అది లేకుంటే నాకు పొద్దు పోదు.

నీ అక్క

తా.క.: కాయ మంచిగుండె.

గద్వాల, జనవరి 20

అక్కకు కోపంతో కూడిన నమస్కారం.

ఎర్రజెండా చూపితే రైలు ఆగుతుంది, జోగులమ్మ ఆగదు! కనబడిన ప్రతి రాయికీ కుంకుమ పూసే మన మధ్య బొట్టు పెట్టమనడం నా బుద్ధితక్కువే. దీనితో పుర్రె బొమ్మ పంపుతున్నాను. కింద ‘విషం’ అని రాశాను. జాడికి అతికించు. చూసినవాళ్లు జడుసుకోవాలి.

రామస్వామి

తా.క.: దీనికి దండ వేస్తే ఊరుకోను.

అమరచింత, జనవరి 29

తమ్మునికి దీవెనలు.

ఎవ్వరూ దండెయ్యలే. జోగులమ్మ జడుసుకొని మా గడప తొక్కుడే బంద్ చేసింది. బాలమణి మాత్రం, ‘తాత పండ్లు ఇకిలిస్తుండు’ అనుకుంట దినాం పోయి దానితోటి ముచ్చట పెడ్తుంది. నిన్న ‘తాతా, బెల్లం తింటవా?’ అన్నది వినబడ్డది. ఉరికి మూత మీద చెయ్యి పెట్టిన. అప్పటికే బెల్లం మూత మీదున్నది. నా పానం పోయి వచ్చింది.

నీ అక్క

తా.క.: ఆ బెల్లం పారేయించిన. తాత అలిగిండని పిల్ల ఏడుస్తుంది.

గద్వాల, ఫిబ్రవరి 4

అక్కకు,

ఇక చాలు. వచ్చే ఆదివారం కాక పై ఆదివారం బండి కట్టుకొని వస్తున్నాను. పిల్ల బట్టలు మూట కట్టు. జోగులమ్మ మూత తీసేదాకా, పిల్ల బెల్లం పెట్టేదాకా నీకు తెలియదు. ఇంట్లో ఏం జరుగుతున్నదో చూడవా? కళ్లెక్కడ పెట్టుకున్నావు?

రామస్వామి

తా.క.: ఆ పుర్రెను గీసింది నేనే. పళ్లు కొంచెం ఎక్కువ పడ్డాయి.

అమరచింత, ఫిబ్రవరి 10

తమ్మీ,

కండ్లు లేవురా. రెండేండ్లాయె. మొదలు మసక, ఇప్పుడు నీడలు గూడ లేవు. చెప్తే పిల్లను తీస్కపోతవని మాసయ్యతోటి ఒట్టేయించుకున్న. నీ బొట్టు నేను చూడలే, నీ పుర్రెనూ చూడలే.

నీ తిట్లు విన్నంక ఆలోచన చేసిన. జాడికి మెడ నుంచి అడుగుదాక పీచు తాడు చుట్టించిన. గరుకు తగిలితే చెయ్యి ఎనక్కి రావాలె. పిల్లకు కండ్లు మూసి నేర్పిన. జోగులమ్మను పిలిపించి ఆమెకు గూడ అట్లనే నేర్పిన. జాడిని సందుగల పెట్టి తాళమేసిన, తాళంచెవి నా మెడల ఉన్నది. తాగే చెంబులల్ల తాగే నీళ్లే. వాడల పదకొండు ఇండ్లోళ్లు తాడు చుట్టిన్రు. తాడుకు ఇంకా ఎవ్వరూ కాయ కొట్టలే.

తప్పక రా. తాడు పట్టి చూడు, సందుగ గుంజి చూడు. అప్పుడు గూడ తీస్కపోతనంటే అడ్డం రాను.

నీ అక్క

తా.క.: మూట కట్టలే. నేను ఆఖరుకు చూసినప్పుడు బాలమణికి రెండేండ్లు. ఇప్పుడు అచ్చం వాళ్లమ్మే అంటరు అందరు. ముక్కా, నవ్వా అంటే ఎవ్వరు సక్కగ చెప్పరు. నువ్వు చూసి చెప్పు.