సెలవు బోర్డు

నాన్నకి, నేను కులాసాగానే ఉన్నాను, తల మాత్రం వేడెక్కింది. మీరు ఫోన్ ఎత్తరు కాబట్టి ఈ కార్డు.

మన గడియారాల రిపేరు షాపు వెబ్‌సైటుని క్లౌడులో పెట్టడానికి మూడు రోజులు కుస్తీ పట్టాను. ఉన్నది ఒక్క పేజీ. తీరా అది కనబడ్డాక చూస్తే, మీరు పంపిన ఫోటోలో తలుపుకి "ఈరోజు సెలవు" బోర్డు వేలాడుతోంది. జనం అడ్డం రాకూడదని సెలవు రోజున తీశారట, అమ్మ చెప్పింది. ఆ పేజీ తనంతట తాను మారదు నాన్నా. నేను మార్చేదాకా మన షాపుకి రోజూ సెలవే. అది చూసి ఇప్పటికే ఇద్దరు వేరే షాపుకి పోయారట.

అమ్మ కొత్త కళ్ళజోడు వచ్చిందా? తమ్ముడికి నా ఆశీస్సులు. షాపు తెరిచాక ఇంకో ఫోటో తీయించండి. ఈసారి తలుపు వద్దు. కంటికున్న భూతద్దం తీసి మీరు నిలబడండి. మిమ్మల్ని చూసి ఏడాదైంది.

మీ పెద్దమ్మాయి