మసీదు దాటినాక ఎత్తుకునే పాట

కిషన్‌బాగ్,
శనివారం.

బాపుకు నీ చిన్నబిడ్డ సుజన దండాలు. ఇక్కడ అమ్మ, నేను, నీ క్లారినెట్టు ముగ్గురం మంచిగున్నాం. నిజామాబాద్‌లో నువ్వూ, అక్కావాళ్లూ అట్లాగే ఉన్నారనుకుంటాను. ఆపరేషన్ అయిన కంట్లో చుక్కలు వేయించుకుంటున్నావా, నీ మనవరాలు స్వీటీని బెదిరించి తప్పించుకుంటున్నావా?

నువ్వు అడిగినవన్నీ చేశాను. క్లారినెట్టు కీళ్లకు గ్రీజు పెట్టాను. నీ బ్యాండు యూనిఫాం ఉతికించాం, భుజం మీది జరీ కాస్త ఊడింది. నా కొత్త సంగీతం రాయడం కూడా అయిపోయింది. వయోలిన్లు, చెల్లోలు కలిపి పద్దెనిమిదిమంది వాయిస్తారు, వచ్చే నెల పదో తారీకున, పెద్ద హాల్లో.

"గసొంటి పెద్ద సంగీతంల బరాత్ పాట ఏంది బిడ్డా, నవ్వుతరు, తీసెయ్" అని స్వీటీతో రాయించావు. తీయను. పుణెలో వాయించినా, బెంగళూరులో వాయించినా నా సంగీతంలో ఈ తీన్మార్ దరువు ఎక్కడిదని అడుగుతూనే ఉన్నారు. తొమ్మిదేళ్లు నవ్వి ఊరుకున్నాను. ఈసారి దాన్ని నడిమధ్యలో పెట్టాను.

లొల్లంతా ఆ నడిమి భాగం గురించే. పెళ్లి ఊరేగింపు మసీదు ముందుకు రాగానే నువ్వు చెయ్యి దించేవాడివి, బ్యాండంతా ఆగేది. గేటు దాటేదాకా చెప్పుల చప్పుడే. దాటినాక నీ క్లారినెట్టు ఒక్కటే, ఆగిన స్వరం నుంచే ఎత్తుకునేది. ఆ మౌనాన్ని నేను ఇరవై రెండు సెకన్లని కాగితం మీద రాశాను. రిహార్సల్‌లో సగంమంది ముందే మొదలుపెట్టారు, మిగతావాళ్లు దిక్కులు చూశారు. తప్పు నాదే. అడుగులతో కొలిచేదాన్ని గడియారంతో కొలిచాను. అంకె కొట్టేసి, అందరినీ లేపి నడిపించాను. అప్పుడు కుదిరింది.

కచేరీ పెట్టిస్తున్న గోవర్ధన్ గారికి మాత్రం కుదరలేదు.

"మేడమ్, వాయించెటోళ్లు మర్చిపోయిన్రని అనుకుంటరు జనం. గా భాగం తీసెయ్యుండ్రి, లేకుంటే ప్రోగ్రాం క్యాన్సిల్."

"చేసుకోండ్రి సార్. కిషన్‌బాగ్‌ల ఫంక్షన్ హాల్ మాట్లాడిన. గాడ వాయిస్తం."

ఆయన ఇంకా జవాబివ్వలేదు. వాయించే పద్దెనిమిదిమందీ నాతో వస్తామన్నారు. హాలు ఏదైనా పదో తారీకు మారదు, నువ్వు ఫికర్ పెట్టుకోకు.

ఇప్పుడు అసలు మాట. ఫోన్లో చెబితే "సరే బిడ్డా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను. స్వీటీ, చదివేటప్పుడు ఇక్కడ గొంతు తగ్గించకు, తాతకు వినబడాలి.

బాపూ, నువ్వు ట్రంకు పెట్టెలో దాచుకున్న నా కచేరీ కాగితాలన్నిటిలో "తండ్రి మొగులయ్య, సంగీత ఉపాధ్యాయులు" అని ఇంగ్లీషులో ఉంది. కాలేజీలో మొదటిసారి సిగ్గుపడి రాసింది నేనే. తర్వాత ఎన్నిసార్లు అచ్చయినా దిద్దలేదు. నీకు చదవడం రాదన్న ధైర్యం నాకు. చాలా చెడ్డ పని చేశాను బాపూ. ఆ పెట్టె తెరిచినప్పుడల్లా ఏడుపొస్తోంది.

ఈసారి అచ్చుకిచ్చిన కాగితంలో "తండ్రి మొగులయ్య, బరాత్ బ్యాండులో ముప్పై ఆరేళ్లు క్లారినెట్టు" అని రాశాను. తెలుగులో కూడా వేయిస్తున్నాను. మౌనం తర్వాత ఎత్తుకునే చోట వయోలిన్ తీసేసి నీ పేరు పెట్టాను. కాగితం చూసే పని లేదు, నల్లద్దాలతోనే రా. అమ్మ జరీ కుడుతోంది.

నువ్వు ఎత్తుకునేదాకా ఎవ్వరూ వాయించొద్దని అందరికీ చెప్పాను.

ఇట్లు,
బరాత్ బ్యాండు మొగులయ్య బిడ్డ,
సుజన