కరివేపాకుకు పోసినట్టే

వదినకు నమస్కారం.

దీన్ని తెలుగులో రాస్తున్నాను. మన రెండిళ్ళలో మిగతావాళ్ళంతా తమిళ బడిలో చదివినవాళ్ళే, ఈ అక్షరాలు చదవగలిగేది మీరూ నేనే కాబట్టి, అన్న కంట పడినా ఫరవాలేదు.

కంటి ఆపరేషనుకు మదురై వెళ్తూ నా బ్రొమీలియాడ్ పూలమొక్కల కుండీలు కినత్తుకడవులో మీ ఇంట్లో పెట్టాను. నెల తర్వాత వచ్చేసరికి చూపు ఇంకా మసకగానే ఉంది, ముక్కు మాత్రం గేటు దగ్గరే పనిచేసింది. ఆ మొక్కకు ఆకుల నడుమ నీళ్ళు నిలిచే గిన్నె ఉంటుంది. అందులో వేలు పెడితే జిగటగా తగిలింది. తెల్లటి తరకల మధ్య పురుగులు వేలి కింద మెదిలాయి. నడిమి ఆకు కుళ్ళి చేతిలోకి ఊడొచ్చింది. నాకు డోకు ఆగలేదు.

"కరేపాకుకి పోసినట్టే దినమూ పులిసిన చల్ల పోసినా అమ్మిణీ" అన్నారు మీరు, నవ్వుతూ.

"ఛీ, ఇది ఇల్లా, గొడ్ల కొట్టమా?" అని మీ కోడలి ముందే అరిచాను.

ఎన్నిసార్లు సబ్బు పెట్టినా ఆ కంపు నా వేలిని వదల్లేదు. వాసన చూసుకున్నప్పుడల్లా మిమ్మల్నే తిట్టుకున్నాను. నిన్న గుర్తొచ్చింది. గిన్నెలో మంచినీళ్ళే పోయాలని నేను చెప్పనే లేదు. "మీ చెట్ల మాదిరే చూసుకోండి వదినా" అని బస్సెక్కాను. మీరు అట్లాగే చూసుకున్నారు.

ఒక పిలక బతికింది. అది మీకే.

చల్ల వాసన తగిలితే ఇప్పటికీ ముక్కు మూసుకుంటున్నాను. అయినా ఆదివారానికి ఒక లోటా చల్ల దాచండి. వచ్చి మీ కోడలి ముందే తాగుతాను.

మీ ఆడబిడ్డ