జడ్జిగారి తెరెరె ఆకులు

అసున్సియోన్, బుధవారం

ఎర్మెలిండాకు,

రాజధానిలో నేను క్షేమం. మన పొలం కేసు నిన్న తేలింది. పొద్దున హైకోర్టు గేటు దగ్గర, చల్లగా తాగే తెరెరెలో వేసుకునే ఆకులు దంచి అమ్మే బాసిలియమ్మ నన్ను పిలిచి చెప్పింది: "జడ్జిగారి బంట్రోతు కాలేయానికి ఆకు కొంటే రాత్రి మంత్రిగారింట్లో విందన్నమాట. నరాలకు కొంటే మంత్రి ఫోన్లో తిట్టాడన్నమాట. ఇవాళ ఉత్త పుదీనాయే పట్టుకెళ్లాడు. మంత్రి ఊళ్లో లేడు, నీ అదృష్టం అబ్బాయ్!"

మధ్యాహ్నం తీర్పు మనకే ఇచ్చారు. మంత్రి బావమరిది ఇక మనల్ని కదపలేడు. కట్టిన మూటలు విప్పేయి. ఆవు ఈనిందా? అమ్మ మోకాళ్లెలా ఉన్నాయి? చేతులు జోడించే పిల్లలకు నా బదులు నువ్వే దీవెన ఇవ్వు. కర్రపెండలం ఈ వారమే నాటించు. ఏడాదికి తవ్వుకునేది మనమే.

సెవెరియానో