కోటులో దూరిన తీగ

బుధవారం, పొద్దున్న

చిరంజీవి మరిదికి వదిన దీవించి రాయించేది.

ఉభయకుశలోపరి అని మొదలుపెడతానంటోంది కోడలు. కుశలం నా బొంద! నా నోటికొచ్చింది వచ్చినట్టు రాయమన్నాను. నీ గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నాను కాబట్టి ఈ కాయితం. లేకపోతే నేనే వచ్చి చెవి మెలేసి అడిగేదాన్ని.

ఇందాక మీ అన్నయ్య బీరువా తెరిచాను. ఆయన పోయాక ఏడాదికోసారి ఆ కోటు తీసి ఎండలో వేస్తాను, నీకు తెలుసు. చెయ్యి పట్టుకుని లాగితే రాలేదు. లోపల ఎవరో పట్టి ఉంచినట్టుంది. వంగి చూస్తే తీగ! ఎండ ఎరగని తీగ, పాలిపోయిన వేలులా కోటు చేతిలోంచి బయటికి వచ్చి ఉంది. గోడ పగులులోంచి వచ్చి, బీరువా వెనకచెక్క సందులోంచి దూరి, ఆయన కోటు తొడుక్కుంది. కెవ్వుమన్నాను. ఈ వయసులో నేను కెవ్వుమనడమేమిటి! పక్కింటి దర్జీ కత్తెర చేత్తో పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు.

ఆర్నెల్ల కింద అది దొడ్లో జానెడుండేది. ఇవాళ పంపు కనబడదు, బట్టలుతికే బండ కనబడదు, నిమ్మచెట్టు ఎటు పోయిందో నాకే తెలియదు. కత్తిపీట ముందేసుకుని ముక్కలుగా తరిగి పారేశాను. ముక్కముక్కకీ కణుపు దగ్గర వేళ్లొచ్చాయి. ఒకదాన్ని చంపితే పది పుట్టాయి.

ఊరంతటికీ ఆ తీగ ఉన్నది నీ నర్సరీలోనే. ఏ పురుగు దీన్ని తింటుందో చూడ్డానికి వలగదిలో పెంచుతున్నానన్నావు. ఆకు కూడా బయటికి పోలేదన్నావు. మరి నా దొడ్లోకి నడిచొచ్చిందా? ఇల్లు పంచుకున్నప్పటి కసి ఇలా తీర్చుకున్నావు. అందుకే వ్యవసాయ ఆఫీసుకెళ్లి ఫిర్యాదు మీద వేలిముద్ర వేశాను. శుక్రవారం వచ్చి నీ మొక్కలన్నీ తగలబెడతారట, పదేళ్లుగా నువ్వు కట్టిన అంటుమొక్కలతో సహా. తప్పు ఒప్పుకుని ఒక్క ముక్క రాసి పంపు, వెనక్కి తీసుకుంటాను. లేదంటావా, తగలబడనీ.

సిరా పూసిన బొటనవేలితో,
నీ వదిన
(వేలిముద్ర)

తా.క. చిన్నమామయ్యా, ఇది రాస్తున్నది నేను, కోడల్ని. మీ వలగదిలో ఆ తీగకున్న ఊదాపూలు చూసి ఓ కొమ్మ ఇమ్మని మిమ్మల్ని అడిగాను. అది రాక్షసి, వద్దమ్మా అన్నారు. మీరు నీళ్లగొట్టం కట్టేయడానికి వెళ్లినప్పుడు వలగది గడియ తీసి, వేలెడు ముక్క తుంచి కొంగులో దాచుకున్నాను. బండ దగ్గర నీడ కోసం పాతింది నేనే. నోరు మెదపకుండా ఆ ఫిర్యాదు రాసిందీ నేనే.

అత్తయ్యకు చదువు రాదు. ఏమీ చెప్పకుండా ఈ ఉత్తరం మడిచేసినా తెలిసేది కాదు. ఆ కోటు చూశాక మడవడానికి చేతులు రాలేదు. ఇక్కడిదాకా ఇప్పుడే చదివి వినిపించాను. అత్తయ్య కోటు ఒళ్లో పెట్టుకుని ఒక్కో ఆకే విప్పారు. తర్వాత చెప్పులు తెమ్మన్నారు. ముందు ఆఫీసుకట, అక్కణ్ణుంచి మీ గడపకట.

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. నేనే మీ ముందు నిలబడి చదవాలట, కుశలం నా బొంద దగ్గర్నుంచి, ఒక్క మాట మింగకుండా.

(వేలిముద్ర)